ఒకే తీగ మీది దీపములు

తెలుగు వ్యాకరణము చెప్పుకొని బ్రతుకువాడను గనుక నాకొక దురభ్యాసము అబ్బినది. ఎవరేమి మాటలాడినను అందులో కర్త యెవరు, కర్మ యేది అని వెదకుచుందును. మన యిండ్లలో దీపము పోయినప్పుడు వెలువడు వాక్యమును ఒకమారు పరికింపుడు: “కరెంటు తీసేశారు.” క్రియ ప్రథమపురుషలో, బహువచనములో ఉన్నది. కర్త పేరు మాత్రము లేదు. తీసినవారు ఎక్కడనో ఉన్నారు, మనకు గిట్టనివారై యున్నారు, మనలో ఒకరు మాత్రము కారు. నా చిన్ననాట ఇదే సందర్భమున మా యింటిలో వినబడిన వాక్యము వేరు. “కిరసనాయిలు అయిపోయింది” అనెడివారు. అయిపోయిన వస్తువేదో అందులో తెలియుచున్నది. వాడినవారము మనమే అన్న ధ్వనియు ఉన్నది. ఈ రెండు వాక్యముల నడుమ ఎంత దూరము వచ్చితిమో ఉపాధ్యాయ మిత్రులతోను, విద్యార్థులతోను కొంతసేపు ముచ్చటింపవలెనని నా కోరిక.

మా ఊరికి విద్యుత్తు రాకపోలేదు. స్తంభములు వచ్చినవి, తీగలును వచ్చినవి. మా వీధి చివరనున్న నాలుగిండ్లకు మాత్రము 1980 ప్రాంతము వరకు లాంతరే దిక్కు. చౌకదుకాణమున కార్డు చూపించి తెచ్చుకొన్న కిరసనాయిలు నెలంతయు రావలెను. నెల చివరివారమున సీసా అడుగు కనబడెడిది. అప్పుడు నాలుగిండ్ల పిల్లలమును మా అరుగు మీదనో, ఎదురింటి అరుగు మీదనో చేరి ఒక్క లాంతరు చుట్టును కూర్చుండెడివారము. నేడు ఒకరి యింటి లాంతరు, రేపు మరియొకరిది. ఎవరెక్కడ కూర్చుండవలెనో నిర్ణయించునది మా నాయనమ్మ. లెక్కలు చేయువారు దీపము దగ్గర, కాపీ వ్రాయువారు ఆ వెనుక, పద్యములు వల్లించువారు అందరికంటె వెనుక. “ఒరే, పద్యానికి వెలుగెందుకురా? చీకట్లో కూర్చుని చదువు” అనెడిది ఆమె. నాకు సాహిత్యము అబ్బుటకు లెక్కలయందలి అశ్రద్ధయు, ఆ చీకటి చోటును కారణములని మా అక్కయ్య నేటికిని ఎగతాళి చేయుచుండును.

పాఠములు ముగిసినంతనే లాంతరు వత్తి దిగిపోవలెను. దీపము ఆరినదని చెప్పుటకు మన భాష ఎంత జంకినదో చూడుడు, ‘కొండెక్కినది’ అన్నాము. అంత అపురూపముగా చూచుకొన్నాము గనుకనే వత్తిని ఒక గోరంత దించుట పిసినారితనముగా ఎవరికిని తోచలేదు. పొదుపు అన్న పేరును ఆ పనికి ఎవరును పెట్టలేదు. సీసాలో ఎంత ఉన్నదో కంటికి కనబడుచుండెను, అంతే.

విద్యుత్తుతో వచ్చిన చిక్కు ఇదియే. అది సీసాలో కనబడదు. ధాన్యమువలె గాదెలో పోసుకొను వీలును తక్కువ. బ్యాటరీలలో కొంత దాచవచ్చును. శ్రీశైలము ఎడమగట్టునను, నాగార్జునసాగరమునను ఉన్న తిరుగుడు యంత్రములవలె క్రిందికి పోయిన నీటిని తిరిగి పైకెక్కించి దాచవచ్చును. కాని దేశము వాడు మొత్తముతో పోల్చినచో ఈ దాపుడంతయు నేటికిని స్వల్పమే. తక్కినదంతయు పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. మీరు మీట నొక్కినప్పుడు ఎక్కడనో ఒక యంత్రము ఆ మేరకు అదనముగా శ్రమింపవలెను. ఆ శ్రమకు కొలమానము కూడ ఉన్నది. మన దేశమున విద్యుత్తు సెకనుకు 50 మారులు ఊగుచుండును. వాడకము పెరిగి ఉత్పత్తి చాలనప్పుడు ఈ ఊపు మందగించును. మరీ మందగించినచో యంత్రములు తమ్ము తాము రక్షించుకొనుటకై విడిపోవును. ఒకటి విడిపోయినచో ఆ భారము తక్కినవానిపై బడి, అవియు వరుసగా విడిపోవచ్చును. ఆ గతి పట్టకుండ ముందుగనే కొన్ని ఊళ్లకు సరఫరా నిలుపుటనే మనము ‘తీసేశారు’ అనుచున్నాము.

ఇది ఊహ కాదు. 2012 జూలై 30వ తేది తెల్లవారుజామున ఉత్తరాది గ్రిడ్డు కుప్పకూలెను. దానిని నిలబెట్టిన మరునాడు, జూలై 31 మధ్యాహ్నము, ఉత్తర, తూర్పు, ఈశాన్య ప్రాంతములు మూడును కలిసి చీకటిలో మునిగెను. సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రదేశమది. ఢిల్లీలో మెట్రో రైళ్లు నిలిచినవి. బెంగాలులోని బొగ్గుగనులలో కార్మికులు భూగర్భమున చిక్కుకొని, గంటల పిమ్మట క్షేమముగా పైకి వచ్చిరి. మన దక్షిణాది మాత్రము ఆ రెండు దినములును నిలబడినది. మన ప్రజ్ఞ కాదు. అప్పటికి దక్షిణాది గ్రిడ్డు ఉత్తరాదితో ఒకే లయలో ముడిపడలేదు. రాయచూరు–షోలాపురముల నడుమ పెద్ద లైను పడి ఆ ముడి కుదిరినది 2013 డిసెంబరు 31న. వేరుగా ఉండుటచేత ఆనాడు తప్పించుకొంటిమి. వేరుగా ఉండుటచేతనే ఉత్తరాదినుండి చాలినంత విద్యుత్తును తెచ్చుకొనలేకయు పోతిమి.

ఏలయన 2012లో మన కరవు మనకున్నది. వానలు వెనుకబడి జలాశయములు నిండలేదు. కృష్ణా–గోదావరి బేసినులో సముద్రగర్భమునుండి వచ్చు సహజవాయువు ఏటికేడు తగ్గి, దానిని నమ్ముకొని కట్టిన కేంద్రములు పనిలేక నిలిచినవి. పరిశ్రమలకు వారములో కొన్ని దినములు ‘పవర్ హాలిడే’ ప్రకటించిరి. పల్లెలలో గంటల తరబడి కోతలు. మా పట్టణమునను ఉదయము కొంత, సాయంకాలము కొంత. ఆ వేసవిలో నేనొక ఇన్వర్టరు కొంటిని.

ఈ విషయమును కొంత వివరముగా చెప్పవలెను. మా వీధిలో ముప్పది యిండ్లు. వానిలో ఇన్వర్టరు మాదే మొదటిది. కోత వచ్చి వీధియంతయు నల్లబడినప్పుడు మా వరండాలో దీపము వెలుగుచుండగా నాకు కలిగిన తృప్తి ఏ జాతిదో చెప్పుటకు సిగ్గుగానున్నది. ఆరు నెలలు తిరుగకముందే పదునొకండిండ్లకు ఇన్వర్టర్లు వచ్చినవి. కోత ఇక మమ్ము బాధింపదని అనుకొంటిమి. కోతలు తగ్గలేదు సరికదా, కొత్త బాధ యొకటి మొదలాయెను. సరఫరా తిరిగి వచ్చిన పది నిమిషములకు వీధి చివరి ట్రాన్స్‌ఫార్మరు వద్ద ఫ్యూజు పోవుట ఆరంభించినది. ఒక రాత్రి లైన్‌మన్ వచ్చి స్తంభమెక్కి దిగిన తరువాత, చెమట తుడుచుకొనుచు నాతో అన్న మాట నేను మరువలేదు.

“మాస్టారూ, కరెంటు పోయినప్పుడు కాదండీ మాకు భయం, వచ్చినప్పుడండీ. పోయినంతసేపూ అందరూ ఆకలితో ఉంటారు. రాగానే అందరూ ఒక్కసారే నోరు తెరుస్తారు. మోటార్లు, ఫ్రిజ్‌లు, పైన ఈ ఇన్వర్టర్లు. ట్రాన్స్‌ఫార్మర్ ఎంతని మోస్తుందండీ?”

బ్యాటరీలో నింపిన విద్యుత్తంతయు తిరిగి రాదని, సాధారణమైన సీసపు బ్యాటరీలలో నాలుగవ వంతో, అంతకు కొంచెము ఎక్కువయో దారిలో నష్టమగునని తరువాత ఒక భౌతికశాస్త్ర మిత్రుడు నాకు బోధించెను. అనగా కొరతకు విరుగుడని నేను కొన్న పెట్టె కొరతను పెంచుచుండెను. ఆ పెంచినది ఎవరికి పెరుగుచున్నదో మరునాటి రాత్రి తెలిసినది. ఎదురింటివారిది దర్జీ కుటుంబము. వారి అమ్మాయి ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరము చదువుచుండెను. ఫ్యూజు పోయి మూడు గంటలు వీధి చీకటిలో ఉన్నది. మా ఫ్యాను తిరుగుచున్నది. ఆ పిల్ల గుమ్మములో కొవ్వొత్తి పెట్టుకొని, గాలికి అది ఆరకుండ ఒక చేయి అడ్డము పెట్టి, రెండవ చేతితో పుటలు త్రిప్పుచున్నది. మా ఇంటియామె చూచి, “ఏమండీ, ఆ కొవ్వొత్తి మన మోటారు వల్లేగా?” అన్నది. నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

తెలివిగలవారమని చెప్పుకొను పట్టణవాసులము చేసిన పనియే పల్లెలలో మరొక రూపమున జరిగినది. వ్యవసాయమునకు వంతులవారీగా, ఒక్కొక్కప్పుడు అర్ధరాత్రివేళ విద్యుత్తు ఇచ్చెడి దినములలో రైతు పాములు తిరుగు గట్లమీద నడచి పోయి మోటారు వేయవలసి వచ్చెడిది. ఆ కష్టము తప్పించుకొనుటకై ఆటోస్టార్టరు బిగించుకొనెను. విద్యుత్తు వచ్చినంతనే మోటారు తనంతట తానే తిరుగును. అతని వరకు అది న్యాయమే. కాని ఒక ట్రాన్స్‌ఫార్మరు క్రింది మోటార్లన్నియు ఒకే క్షణమున లేచినచో దాని తీగచుట్టలు కాలిపోవును. కాలినదానిని మరమ్మతు చేయించి తెచ్చువరకు ఆటోస్టార్టరున్న చేనును, లేని చేనును సమానముగా ఎండును. మోటారుకు కెపాసిటరు బిగించినచో వోల్టేజి మెరుగగునని శాస్త్రజ్ఞులు చెప్పిరి. అదియు అందరును బిగించిననే ఫలము. ఒక్కడు బిగించి, తక్కినవారు ఊరకున్నచో ఖర్చు అతనిది, లాభము లెక్కకు రానిది. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయమునకు 24 గంటల సరఫరా మొదలుపెట్టినప్పుడు అధికారులు ఊరూర తిరిగి ఆటోస్టార్టర్లను తీసివేయుడని అడుగవలసి వచ్చెను. లేనిచో మోటార్లు రేయింబవళ్లు తమంత తాము తిరిగి భూగర్భజలము అడుగంటును. కొరతలో పుట్టిన అలవాటు సమృద్ధిలో గూడ అపాయమైనది.

పరదేశములలో ఈ చిక్కును ఎట్లు విప్పుకొనిరో తెలిసికొనుట మేలు. బ్రెజిల్ దేశపు విద్యుత్తులో అత్యధికభాగము జలవిద్యుత్తే. 2001లో వానలు లేక జలాశయములు అడుగుపట్టినవి. గంటల లెక్కన కోతలు విధించుటకు బదులు వారు వేరు మార్గము త్రొక్కిరి. ఆ సంవత్సరము జూన్ మొదలు 2002 ఫిబ్రవరి చివరి వరకు ప్రతి గృహస్థుడును వెనుకటి యేటి వాడకములో అయిదవ వంతు తగ్గించుకొనవలెను. ఎట్లు తగ్గించుకొనుట అన్నది అతని యిష్టము. మీరినచో అపరాధ రుసుము, మరల మీరినచో సరఫరా నిలుపుదల; ఎక్కువ తగ్గించినచో బహుమానము. నాకు మిక్కిలి నచ్చిన నిబంధన మరొకటి ఉన్నది. నెలకు 100 యూనిట్ల లోపున వాడు పేదయిండ్లకు ఈ నిర్బంధము లేదు. తగ్గించుకొనుటకు ఏమియు లేనివానిని తగ్గించుకొమ్మనుట ధర్మము కాదని వారు గ్రహించిరి. వంతు కోతలు లేకుండగనే ఆ తొమ్మిది నెలలు గడచినవి. దేశపు దక్షిణ రాష్ట్రములలో నీరు పుష్కలముగనే ఉండినదట. దానిని పైకి మోసికొనిపోవుటకు లైనులు చాలలేదు. మన 2012 నాటి కథను ఎవరో ముందుగనే వ్రాసి పెట్టినట్లున్నది.

జపాను కథ మరియొకటి. 2011 మార్చి 11 నాటి భూకంపము, సునామీలతో ఫుకుషిమా అణుకేంద్రము దెబ్బతిని, తూర్పు జపానుకు విద్యుత్తు కరవాయెను. ఆ దేశపు తూర్పు సగము 50 మారుల ఊపుతోను, పడమటి సగము 60 మారుల ఊపుతోను నడచును. అందుచే పడమటివారు ఇవ్వదలచినను ఎక్కువ ఇచ్చుటకు సాధ్యము కాలేదు. మార్చి నెలలో వంతు కోతలు పెట్టిరి. వేసవికి ఆ పద్ధతి వలదనుకొని, పెద్ద వాడకపుదారులు 15 శాతము తగ్గించుకొనవలెనని శాసించి, గృహస్థులను అంతే తగ్గింపుడని అభ్యర్థించిరి. ‘సెత్సుదెన్’ అను మాట, అనగా విద్యుత్తు పొదుపు, ప్రతివాని నోటను నానినది. కార్యాలయములలో చల్లదనపు యంత్రములను 28 డిగ్రీలకు పెట్టి, కోటు, టైలు విడిచి పనిచేసిరి. కిటికీలకు కాకరతీగలను ప్రాకించి నీడ చేసికొనిరి. కార్ల కర్మాగారములు శని ఆదివారములలో పనిచేసి గురు శుక్రవారములలో సెలవు తీసికొన్నవి. తల్లిదండ్రులకు సెలవైన దినమున పిల్లలకు బడి యుండుటచేత ఆ యిండ్లలో ఎంత ఇబ్బంది కలిగియుండునో ఉపాధ్యాయులు ఊహింపగలరు. టోకియో ప్రాంతపు గరిష్ఠ వాడకము 2010 వేసవిలో దాదాపు 6 కోట్ల కిలోవాట్లు. 2011లో 4 కోట్ల 92 లక్షలు. పొదుపు పేరిట వృద్ధులు ఎండదెబ్బకు గురికావలదనియు, వారు చల్లదనపు యంత్రములను ఆపవలదనియు అక్కడి ప్రభుత్వము అదే వేసవిలో హెచ్చరించవలసి వచ్చెను. ఈ హెచ్చరికను గూడ మనము జ్ఞాపకముంచుకొనవలెను.

ఇక మన యింటి లెక్క. వేయి వాట్ల పరికరమొకటి గంటసేపు నడచిన ఒక యూనిట్టు. బొగ్గుతో ఒక యూనిట్టు పుట్టించుటకు సుమారు 700 గ్రాముల బొగ్గు కావలెను. అరువది వాట్ల పాత బల్బు రోజుకు నాలుగు గంటలు వెలిగినచో నెలకు ఏడు యూనిట్లకు పైగా వాడును. అంతే వెలుగునిచ్చు తొమ్మిది వాట్ల ఎల్.ఇ.డి. బల్బు ఒక యూనిట్టును కొంచెమును. అనగా ఒక్క బల్బు మార్పుతో నెలకు నాలుగు కిలోల బొగ్గు గనిలోనే ఉండును. 2015లో మొదలైన ఉజాలా పథకము వలన ఈ మార్పు మన యిండ్లలో చాలవరకు జరిగినది గనుక నేడు పొదుపు చేయవలసినది దీపములకంటె ఇతర చోటుల. నీళ్లు కాచు గీజరు అరగంటకు ఒక యూనిట్టు మ్రింగును. ఏ.సి.ని ఒక డిగ్రీ పెంచినచో ఆరు శాతము వరకు ఆదా యగునని ఇంధన సామర్థ్య సంస్థ లెక్క. ఎంత వాడుచున్నామన్నదే కాక, ఎప్పుడు వాడుచున్నామన్నదియు ముఖ్యము. సూర్యుడున్నంతసేపు సౌరవిద్యుత్తు తోడుండును. పొద్దు గ్రుంకిన వెనుక, ఆరు మొదలు పదిగంటల వరకు, ఆ తోడు లేదు. ఇండ్లన్నియు మేల్కొని యుండును. ఇస్త్రీ, మోటారు, బట్టలుతుకు యంత్రము ఈ మూడును ఆ నాలుగు గంటలు తప్పుకొన్నచో మీ బిల్లు తగ్గదు గాని, మరొకరి దీపము నిలుచును.

ఉపాధ్యాయులకు ఒక సూచన. మీటరు మీద ఎర్రని చిన్న దీపమొకటి మినుకుమినుకుమనుచుండును. ఎన్ని మినుకులకు ఒక యూనిట్టో ఆ మీటరు ముఖముననే ముద్రించి యుందురు. పిల్లలను ఇంట ఐదు నిమిషములు లెక్కపెట్టి రమ్మనుడు. నేనొకసారి మా విద్యార్థులకు ఈ పని చెప్పితిని. అన్ని మీటలును ఆపిన తరువాత గూడ తన యింటి దీపము మినుకుచునే యున్నదని ఒక కుఱ్ఱవాడు వచ్చి చెప్పెను. వెదకి చూడగా టీవీ ప్రక్కనున్న సెట్‌టాప్ బాక్సు. ఎవరును చూడని బొమ్మ కొరకు రేయింబవళ్లు మేల్కొనియున్నదది. భౌతికశాస్త్రపు పాఠము తెలుగు తరగతిలో ఏలయని మా సహోద్యోగి యొకరు నొచ్చుకొనిరి. కర్తను వెదకుట వ్యాకరణమే గదా యని నా సమాధానము.

ఒక ఆక్షేపణ తప్పక వచ్చును. కల్యాణమండపములకు రాత్రంతయు తోరణదీపములు, కూడళ్లలో ప్రకటనల పలకలు పగలువలె వెలుగుచుండగా, ఒక గృహస్థుడు ఫ్యానొకటి ఆపిన లోకమునకేమి లాభమని అడుగుదురు. ఈ ప్రశ్నలో న్యాయమున్నది. పేదలకు పొదుపు బోధించి, ఆడంబరమును చూచి చూడనట్లుండు వ్యవస్థ మాట ఎవరును వినరు. బ్రెజిల్‌లో విన్నారనగా, కొలత అందరికిని కనబడినందువలననే. అయినను ఆ పలకలు ఆరువరకు నా మోటారును నా యిష్టము వచ్చినప్పుడు నడుపుదునను వాదము నాకు రుచింపదు. మా వీధి ట్రాన్స్‌ఫార్మరుపై భారము కూడలిలోని పలకది కాదు, మాదే.

ఎదురింటి కొవ్వొత్తిని చూచిన ఆ వారములోనే మేము పదిమందిమి కూర్చుండి ఒక కాగితము వ్రాసికొంటిమి. సరఫరా వచ్చిన అరగంట వరకు ఎవరును మోటారు వేయరాదు. ఆ పిమ్మట ఇంటి నంబర్ల వరుసను నాలుగేసి యిండ్లకు ఒక్కొక్క వేళ. ఇన్వర్టరును వదలుకొనునంత త్యాగబుద్ధి నాకు లేకపోయెను. దర్జీగారి అమ్మాయి మాత్రము పరీక్షలగువరకు మా వరండాలోనే చదివినది. “పిన్నిగారూ, ఇవాళ కోత ఎన్నింటికండీ?” అని మా యింటియామెను అడిగి, దానికి సరిగా పుస్తకములతో వచ్చెడిది. ఫ్యూజు పోవుట పూర్తిగా మానలేదు, చాలవరకు తగ్గినది. తరువాతి సంవత్సరములలో కోతలే తగ్గి, ఆ కాగితము సంగతి మరచితిమి.

2022 ఏప్రిల్‌లో బొగ్గు కొరత వచ్చి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు మరల పవర్ హాలిడే ప్రకటించినప్పుడు, ఇండ్లకును కోతలు తిరిగి వచ్చినవి. పాత కాగితమును వెదకి తీసితిమి. ఇండ్లు కొన్ని చేతులు మారియుండెను. క్రొత్తగా వచ్చినవారిలో ఒకాయన తనకీ వేళలు కుదరవని నిక్కచ్చిగా చెప్పెను. కొందరికి కోపము వచ్చినది. నాకును వచ్చినదని ఒప్పుకొనవలెను. రెండు దినముల తరువాత మా యింటియామె వారింటికి పోయి వచ్చి సంగతి చెప్పినది. ఆయన తల్లిగారికి ఆక్సిజన్ యంత్రము పెట్టియున్నారు. కరెంటు వచ్చిన క్షణమున అది మొదలు కావలెను, ఆయన బ్యాటరీలును నిండవలెను. ఆ సాయంకాలము కాగితమును తిరుగ వ్రాసితిమి. తక్కిన యిండ్లు పది నిమిషములు వెనుకకు జరిగినవి. ఆయన యింటి నంబరు ఎదుట వేళ వ్రాయక, ఆ చోటు ఖాళీగా ఉంచితిమి.